పళ్ళాసుపత్రిలో ఎండాకాలం

గొప్పలు చెప్పుకోవడంలో ఆ ఇంటి వదినామరదళ్ళు ఇద్దరికిద్దరే. వదిన మరదలి గురించి చెబుతుంది, మరదలు తన గురించి తనే చెప్పుకుంటుంది. అంతే తేడా.

వదిన బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదే దుకాణం. కొలతలివ్వడానికి వచ్చి చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషి ఎక్కడికి పోతుంది? టేపు నడుముకు చుట్టి మరీ మొదలుపెట్టేది. "మా మరదలు సంగీతం కడుతుందండీ. మాటలుండవు, పాడేవాళ్ళుండరు. వానాకాలం కట్టిందంటే వాన పడ్డట్టే ఉంటుంది. మొన్న ఒకావిడ విని గొడుగు ఇక్కడే మర్చిపోయానేమోనని వెనక్కొచ్చింది." కాకిపిల్ల కాకికి ముద్దు అని జనం వెనకాల నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీండి, నవ్వుకుంటే పోయేదేముంది?

మరదలి ఉద్యోగం పళ్ళాసుపత్రిలో. ముందు హాల్లో బల్ల దగ్గర కూర్చుని ఫోనెత్తడం, వచ్చినవాళ్ళను వరసలో పిలవడం, గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోబోయేవాళ్ళను మాటల్లో పెట్టి కూర్చోబెట్టడం. అది పొట్టకోసం. అసలు పని ఇంటికొచ్చాకే. ఒక కీబోర్డు, ఒక ల్యాప్‌టాప్, పిడికిలంత రికార్డరు. ఏ కాలం నడుస్తుంటే ఆ కాలాన్ని పట్టుకుని సంగీతం చేసేది. ముందు చప్పుళ్ళు ఏరుకొస్తుంది. వాటిని సాగదీసి, నెమ్మది చేసి, కింద కీబోర్డు మీద ఒకే స్వరాన్ని చాలాసేపు నిలబెడుతుంది. కాసేపటికి ఏది ఆకు చప్పుడో, ఏది స్వరమో తెలియకుండా పోతుంది. తెలియకుండా పోయిన రోజున అది కుదిరినట్టు.

ఆ కుదిరేలోపు ఇంట్లోవాళ్ళు పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి. వానాకాలం కట్టిన రోజుల్లో తీగ మీద బట్టలు తడిసి ముద్దవుతుంటే తియ్యనిచ్చేది కాదు. "కదలకు వదినా! ఆ చొక్కా కొసనుంచి పడే బొట్టు బకెట్ మీద ఎంత బాగా పలుకుతోందో!" అనేది. అది ఎవరో కుట్టించుకోవడానికి ఇచ్చిన చొక్కా. వదిన గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుకునేది గానీ కదిలేది కాదు. ఆకులు రాలే కాలంలో వసారా ఊడవడానికి వీల్లేదు. వ్యాను తోలి అలిసిపోయి వచ్చిన అన్నయ్యను బూట్లు విప్పనివ్వకుండా ఎండుటాకుల మీద ఇటూ అటూ నడిపించేది.

"ఇంతకీ ఇది ఎక్కడ అయిపోతుందమ్మా? చప్పట్లు ఎక్కడ కొట్టాలో చెప్తే కొట్టి పోయి పడుకుంటాను," అనేవాడు ఆ అన్నయ్య.

"దీనికి చప్పట్లుండవన్నయ్యా. విన్నట్టు కూడా తెలియకూడదు. గదిలో గాలిలాగా ఉండాలి."

"విన్నట్టే తెలియకపోతే నువ్వు కట్టినట్టు మాకెలా తెలుస్తుంది?"

మరదలు మూతి ముడుచుకునేది. ముడుచుకున్న మూతితోనే అన్నయ్యను ఇంకో నాలుగడుగులు నడిపించేది.

పళ్ళాసుపత్రి హాల్లో అసలు గొడవ డ్రిల్లు. లోపలి గదిలో డాక్టరుగారు దాన్ని మొదలుపెట్టగానే బయట కూర్చున్నవాళ్ళ ముఖాలు పాలిపోయేవి. దాన్ని కప్పడానికి డాక్టరుగారు గోడకు టీవీ పెట్టించారు. టీవీలో వార్తలు చదివేవాళ్ళు అరుస్తుంటే, లోపల డ్రిల్లు అరుస్తుంటే, మధ్యలో కూర్చున్నవాడి గతి మద్దెలకు రెండువైపులా వాయింపే. కొందరు "ఇప్పుడే వస్తా" అని లేచి వెళ్ళి మళ్ళీ వచ్చేవాళ్ళే కాదు.

ఆ డ్రిల్లు గుణం మరదలికి కొట్టినపిండి. ఊరికే తిరిగేటప్పుడు సన్నగా పైకి పోతుంది, పంటి మీద ఆనగానే కొంచెం కిందికి దిగుతుంది. ఒక మధ్యాహ్నం కిటికీ బయట చెట్టు మీద కీచురాళ్ళు అందుకున్నాయి. లోపల డ్రిల్లూ అందుకుంది. రెండూ కలిసిపోయి, ఏది ఏదో ఒక్క క్షణం మరదలికే తెలియలేదు. అప్పుడు తట్టింది ఆమెకు. చప్పుడును చప్పుడుతో కప్పితే గోల అవుతుంది. కూర్చోవడానికి చోటిస్తే అదే సర్దుకుంటుంది.

ఆ ఏటి ఎండాకాలాన్ని ఆమె డ్రిల్లు కోసం కట్టింది. పొద్దెక్కే వేళ వేడికి చిటపటమనే రేకు, దూరంగా నీళ్ళు తోడే మోటారు, చెట్టంతా కీచురాళ్ళు. ఆ కీచురాళ్ళలో అన్నిటికన్నా పైస్థాయిలో కూసేదాన్ని తీసేసి దాని చోటు ఖాళీగా ఉంచింది. డ్రిల్లు వచ్చి ఆ చోట్లో కూర్చోవాలి. డాక్టరుగారు విని, కుర్చీ ఎక్కి టీవీ వైరు పీకేసి, దాని చోట స్పీకర్లు పెట్టించారు. అంతకంటే ఏం కావాలి? ఆ వారం హాల్లోంచి ఒక్కరూ లేచిపోలేదు. ఒక మేష్టారైతే పిలిచినా లేవకుండా, "ఇంకాసేపు కూర్చుంటానమ్మా, ముందు వాళ్ళను పంపు," అన్నారు. మరదలు నేల మీద నడవలేదనుకోండి.

సరిగ్గా అప్పుడే వదినకు పన్నుపోటు పట్టుకుంది.

కింది దవడ, వెనక పన్ను. లవంగం అయింది, ఉప్పునీళ్ళయ్యాయి, మాత్రలయ్యాయి. చెంప బన్నులా పొంగింది. అయినా ఆసుపత్రికి రానంటే రానంది. పొద్దస్తమానం సూదితో బతికే మనిషికి సూదంటే భయమేమిటి, భయమంతా ఆ డ్రిల్లు కూతంటేనే. చిన్నప్పుడు నలుగురు పట్టుకుని కూర్చోబెట్టి పన్ను తొలిపించారట. నొప్పి మర్చిపోయింది గానీ ఆ కూత ఇప్పటికీ కలలోకి వస్తుందట. మరదల్ని చూడటానికి కూడా ఆమె ఆ ఆసుపత్రి మెట్లెక్కిన మనిషి కాదు.

"చచ్చినా రాను. దవడ ఊడి కింద పడితే తీసుకుని కుట్టేసుకుంటాను," అంది.

మరదలికి ఒళ్ళు మండింది. తల్లిపోయిన ఇంట్లో తనకు జడలు వేసిన మనిషి. కీబోర్డు పెట్టుకోవడానికి గుడ్డల బీరువాను వసారాలోకి నెట్టి గది ఖాళీ చేసిచ్చిన మనిషి. ఆ మనిషి కళ్ళెదుట తిండి మానేసి చెంప పట్టుకు కూర్చుంటే ఎలా ఊరుకుంటుంది? దుకాణంలో ఇద్దరు బేరాలవాళ్ళు ఉండగానే అనేసింది. "నీకా కూత వినపడదు. నా పూచీ. వినపడిందా, నా కీబోర్డు ఎవరికైనా ఇచ్చేసి మళ్ళీ సంగీతం మాటెత్తను."

"దాని మీద ఒట్టెందుకే పిచ్చిమొద్దూ!" అంది వదిన భయంగా. మరదలు మాటంటే మాటేనని ఆవిడకు తెలుసు. చెంప నిమురుకుంటూ, "సరే, వస్తాను," అంది. సాయంత్రానికల్లా ఆ ఒట్టు సంగతి వీధి చివరిదాకా పాకింది. పాకించిందెవరో వేరే చెప్పాలా?

ఆ రోజు వదినను హాల్లో కూర్చోబెట్టి మరదలు లోపలికి వెళ్ళేసరికి డాక్టరుగారి ముఖం వెలిగిపోతోంది. "చూడమ్మా, మీ వదినగారు వస్తున్నారని పాత డ్రిల్లు మార్పించేశాను. అది మరీ కూసేది కదా, నీ సంగీతానికి అడ్డం. ఇది కొత్త రకం," అని కాలితో పెడలు నొక్కారు.

మరదలు చెవి ఒగ్గింది. ఇది సన్నగా పైకి పోవడం లేదు. బొంగురుగా, ఈలకూ ఏడుపుకూ మధ్యన, నిలకడగా ఒకే చోట మోగుతోంది. హాల్లో స్పీకర్లలోంచి కీచురాళ్ళు పాడుతున్నాయి. వాటి పక్కన ఇది ఎవరో పరాయివాడు ఇంట్లో జొరబడినట్టుంది. పాతది విననైనా వినొచ్చు. శ్రుతి కలవని రెండు చప్పుళ్ళు పక్కపక్కన పడితే చెవిలో పన్నుపోటే. అన్నీ ఉన్నాయి అల్లుడి నోట్లో శని ఉందన్నట్టయింది వ్యవహారం. పాపం ఆయన మంచికే చేశారు. ఏమనగలదు?

"పాతది లేదా డాక్టరుగారూ?"

"పొద్దున్నే పట్టుకుపోయారమ్మా. ఏం, ఇది బాగా లేదా?"

ఇంతలో గుమ్మంలో వదిన. సంచీ గుండెకు హత్తుకుని నిలబడింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమే, అదేమిటి? వినపడదన్నావు!"

"ఇంకా మొదలు కాలేదు వదినా. శ్రుతి చేస్తున్నాం," అంది మరదలు.

డాక్టరుగారు పరిస్థితి గ్రహించారు. "పోనీ ఇంకో రోజు పెట్టుకుందామా?" అన్నారు. అని, వదిన చెంప చూసి, "వాపు మెడ వైపు పాకుతోంది. ఆలస్యం చేస్తే పెద్దాసుపత్రిలో పడాలి మరి," అని ఆయనే నాలుక కరుచుకున్నారు.

"ఇంకో రోజంటే నేను మళ్ళీ రాను డాక్టరుగారూ," అంది వదిన. "నా సంగతి నాకు తెలుసు. ఇవాళ దీని మాట మీద వచ్చాను." అని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కూర్చున్న తీరు చూస్తే ఉరికంబం ఎక్కినట్టే ఉంది.

"ఇంజెక్షన్ ఇస్తాను. దవడ మొద్దుబారేదాకా నీకు టైము," అన్నారు డాక్టరుగారు మరదలితో. "ఆ తర్వాత నేను ఆగలేను."

"ఇంకోసారి తిప్పండి దాన్ని," అంది మరదలు.

ఆయన తిప్పారు. ఆమె కళ్ళు మూసుకుని ఆ కూతను విని, దాన్ని తన గొంతుకు అందే స్థాయికి దించుకుని, "ఊఁ" అని పట్టుకుంది. యంత్రాలన్నీ ఉన్నా శ్రుతి విషయంలో ఆమె నమ్మేది గొంతునే. పట్టుకున్నది జారిపోకుండా నోటినిండా నీళ్ళు పుక్కిటపట్టిన మనిషిలా హాల్లోకి నడిచింది. హాల్లో అందరూ చూస్తున్నారు. బల్ల మీద ఫోను మోగింది. మోగక మోగక అప్పుడే మోగాలా? ఎత్తింది.

"డాక్టరుగారున్నారా?"

"ఊఁ..."

"పన్ను కదులుతోందండీ. రేపు రావచ్చా?"

"ఊఁ..."

"మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"ఊఁ..." అని పెట్టేసింది. ఆ మనిషి మర్నాడు వచ్చాడో రాలేదో మనకు తెలియదు.

ల్యాప్‌టాప్ తీసి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుంది. ముందు కీచురాళ్ళను కిందికి దించి చూసింది. దించితే కీచురాళ్ళు కప్పలయ్యాయి. ఎండాకాలం మధ్యాహ్నం పోయి బురదగుంట వచ్చింది. ఛీ, అనుకుంది. తను కట్టినవాటిలో అంత మంచిది లేదు, అది ఇవాళ అక్కరకు రావడం లేదు. వానాకాలం తెరిచింది. చినుకులన్నీ పొడి పొడి చప్పుళ్ళు, ఇంత పొడుగు కూతకు చోటెక్కడ? ఆకులదీ అంతే. గొంతులో శ్రుతి అరిగిపోతోంది. లోపలినుంచి డాక్టరుగారు, "పెదవి బరువెక్కిందా అమ్మా?" అని అడగడం వినపడుతోంది.

మిగిలింది చలికాలం. తెరిచింది.

అది వంటింట్లో చేసింది. తెల్లవారే వేళ, పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే మూత అదిరే చప్పుడు, కప్పులో చెంచా, గిన్నె మీద గిన్నె. వీటన్నిటి మీదుగా కిటికీ సందులోంచి గాలి ఈల. ఆ కిటికీ రెక్క ఎన్నడూ సరిగ్గా పడదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా, సందులో గుడ్డ కుక్కుదామని వదిన ఎన్నిసార్లు వచ్చినా మరదలు అడ్డం నిలబడి ఆ ఈలను కాపాడుకుంది. దానికోసం ఆ చలికాలంలో సగం రోజులు రికార్డరు పట్టుకుని కిటికీ కింద కూర్చుంది. ఆమె ఏరుకున్న చప్పుళ్ళన్నిటిలోకీ అదే ప్రాణం.

గొంతులో ఉన్న "ఊఁ"ను ఆ గాలి పక్కన పెట్టింది. కూడబలుక్కున్నట్టు కూర్చుంది.

కూర్చుంది గానీ, రెండు గాలులు ఒక సందులో పట్టవు. డ్రిల్లుకు చోటివ్వాలంటే ఆ ఈల లేచిపోవాలి. మరదలి చెయ్యి ఆగింది. దాన్ని తీసేస్తే చలికాలంలో ఇంకేం మిగులుతుంది, నాలుగు గిన్నెలూ ఒక చెంచా తప్ప? ఇన్నాళ్ళూ తనను తాను మెచ్చుకున్నదంతా ఆ ఈలను చూసుకునే. "మొద్దుబారిందమ్మా, మొదలుపెడుతున్నాను," అని లోపల గొంతు వినపడింది. అంతే, గాలి మొత్తం కోసేసింది. స్వరాలను డ్రిల్లుకు కలిసేట్టు ఒక్క పిసరు జరిపి, స్పీకర్లకు వదిలింది.

బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ. హాల్లో చలికాలం మొదలైంది. మూత అదిరింది. కప్పులో చెంచా తిరిగింది. కింద ఒక పొడుగు స్వరం, ఇంకా తెల్లవారలేదన్నట్టు. కాసేపటికి మూలన కూర్చున్న పెద్దాయన, "కొంచెం ఆ ఫ్యాను తగ్గిస్తారా?" అన్నాడు. మరదలు వినిపించుకునే స్థితిలో లేదు. లోపలి గది గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

వదిన కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. రెండు చేతులూ కుర్చీని నలిపేస్తున్నాయి. "నొప్పనిపిస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను," అన్నారు డాక్టరుగారు. పెడలు నొక్కారు.

కొత్త డ్రిల్లు లేచింది. వదిన వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. డ్రిల్లు పంటి మీద ఆనింది, దవడ అదిరింది. స్పీకర్లో మూత అదిరింది. డ్రిల్లు కాస్త పైకి లేచి, కాస్త తగ్గి, నిలబడింది. ఒక క్షణం. ఇంకో క్షణం. నలిపేస్తున్న చేతుల బిగువు సడలిందా, లేక తన కళ్ళు మోసం చేస్తున్నాయా? మరదలికి తెలియలేదు. డాక్టరుగారు వంగి పని చేస్తూ, దూది మార్చడానికి ఒకసారి పెడలు వదిలారు.

అప్పుడు వదిన చెయ్యెత్తింది.

డాక్టరుగారు మళ్ళీ పెడలు మీద కాలు పెట్టకుండా ఆగిపోయారు. డ్రిల్లు ఆగే ఉంది. స్పీకర్లో గిన్నెలూ, చెంచా, ఆ పొడుగు స్వరం మాత్రం మిగిలాయి. అయిపోయింది, అనుకుంది మరదలు. కీబోర్డు పోతే పోయింది. ఇంత నమ్మి వచ్చిన మనిషిని ఇంత భయపెట్టాను కదా అని తనను తానే తిట్టుకుంది.

"నొప్పా అమ్మా?" అన్నారు డాక్టరుగారు.

వదిన తల అడ్డంగా ఊపింది. నోటినిండా దూది, మొద్దుబారిన పెదవి. మాట ముద్ద ముద్దగా వచ్చింది.

"కిటికీ ఎవరు మూశారు?"

"ఏ కిటికీ అమ్మా?"

"మా వంటింటిది." వదిన కళ్ళు తెరవలేదు. "ఇందాకటిదాకా గాలొస్తోంది కదా. చల్లగా బాగుంది. మూయకండి. మా మరదలు ఊరుకోదు."

డాక్టరుగారు చేతిలో డ్రిల్లు చూసుకున్నారు. తలెత్తి గుమ్మంలోకి చూశారు. మరదలు ద్వారబంధం గట్టిగా పట్టుకుంది.

"తెరవండి డాక్టరుగారూ," అంది.

ఆయన పెడలు నొక్కారు. వదిన చేతులు కుర్చీని వదిలేసి ఒళ్ళోకి వచ్చాయి. మరదలు అక్కడే గుమ్మంలో, హాల్లో అందరూ చూస్తుండగా ఏడ్చింది. గర్వంతో ఏడ్చింది, దాచుకోలేదు.